పెయ్యదూడల కాలం

ముద్దలదిన్నెలో బర్రె ఈనిందంటే ఇంటివాళ్ళు ముందుగా చేసే పని దూడ తోక ఎత్తి చూడటం. ఆడది, అంటే పెయ్యదూడ అయితే ఆ ఇంట్లో జున్ను వండి వీధంతా పంచుతారు. మగది అయితే ఎవరూ కిమ్మనరు. ట్రాక్టర్లు వచ్చాక పోతులతో ఎవరికి పని? చంపరు, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. పాలు చేపడానికి తల్లి పొదుగు దగ్గర కాసేపు వదిలి, మెడపలుపు పట్టుకుని లాగేస్తారు. కొన్నాళ్ళకు అదే గోడవారగా ఒరిగిపోతుంది. ఈడ్చుకుపోయి దిబ్బ అవతల పారేస్తారు.

వన్నూరమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు అలాంటి దూడ ఒకదానికి లంగా కొస పాలలో ముంచి దొంగచాటుగా చీకించింది. అయినా అది బతకలేదు. పిల్ల అన్నం మానేసి ఏడుస్తూ కూర్చుంటే తల్లి హంపమ్మ తల నిమిరి, "ఏం జేయమంటావు మే? అది తాగితే మనం తినేదేముంటాది?" అంది. హంపమ్మ కఠినురాలేమీ కాదు. ఆ ఊళ్ళో ప్రతి తల్లీ ప్రతి బిడ్డకూ ఏదో ఒకనాడు ఆ మాట చెప్పాల్సిందే.

ఆ పిల్ల పశువైద్యం చదివింది. ఆ తర్వాత జన్యుశాస్త్రం చదివి, ఊరికి ఇరవై కిలోమీటర్ల దూరంలో కొండ కింద వెలసిన పశు పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్తగా చేరింది. ఎన్నో ఏళ్ళు కష్టపడి ఒక జన్యువును తయారు చేసింది. దాన్ని మోసే పోతు ఏ బర్రెను దాటినా పెయ్యదూడే పుడుతుంది. ఇక ఏ ఇంటి గోడవారగానూ ఏ దూడా ఆకలితో చావనక్కర్లేదు. ఆమె కోరింది ఇంతే.

కేంద్రం డైరెక్టరు సదాశివరావు మంచివాడే గానీ భయస్తుడు. వెనకాల కొట్టం చుట్టూ రెండు నిలువుల ఎత్తు గోడ కట్టించాడు. గోడ పూర్తయిన రోజు దాన్ని అరచేత్తో తట్టి చూస్తూ, "చాలంటావా?" అని అడిగాడు.

"చాలాలి సార్," అంది వన్నూరమ్మ. "పెద్ద మందను దాని మానాన వదిలేస్తే, ఎవరూ ఏరకుండా, బయటిది లోపలికి రాకుండా, లోపలిది బయటికి పోకుండా ఉంటే, అందులో ఏ జన్యువు వాటా ఎంతో తరతరాలకూ అంతే ఉంటుంది. ఆడా మగా సగం సగం పుట్టడం కూడా అలాంటి తూకమే. మగవి తగ్గితే మళ్ళీ మగవే లాభపడి, తూకం దానంతటదే సర్దుకుంటుంది."

"మరి నీ జన్యువు?"

"అది ఆ తూకాన్ని సర్దుకోనివ్వదు. మామూలు జన్యువు బిడ్డకు చేరే అవకాశం సగమే. ఇది సగంతో ఊరుకోదు సార్. తల్లి నుంచైనా తండ్రి నుంచైనా పుట్టిన ప్రతి దూడలోనూ చేరుతుంది. ఒక్క పోతు బయటపడిందంటే, ఈ తాలూకాలో మగదూడ అనేది మిగలదు. ఎలా ఆపాలో నేర్చుకున్నాకే ఇది గేటు దాటాలి."

అందుకే అక్కడ ఒకే ఒక్క కఠినమైన నియమం. ఆ జన్యువు తండ్రిలో ఉంటేనే అన్నీ పెయ్యలు పుడతాయి కాబట్టి, లోపలి బర్రెలకు బయటి మామూలు వీర్యంతో చూలు నిలిపినప్పుడు అప్పుడప్పుడూ ఆ జన్యువు మోసే మగదూడ పడేది. అది పడిన రోజే సూది వేసి చంపాలి. ఆ సూది వన్నూరమ్మే వేసేది, ఇంకొకరికి అప్పగించేది కాదు. దూడల్ని చావనివ్వకూడదని బయలుదేరిన మనిషికి దూడల్ని చంపడమే పనైంది. వేసిన రోజు ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడేది కాదు.

ఆమెకు ఒక్కతే కూతురు, నేత్రావతి. భర్త లారీ ప్రమాదంలో పోయాక ఆ పిల్లే లోకం. మూడో తరగతిలో ఉండగా పిల్లకు డెంగీ జ్వరం వచ్చింది. జిల్లా ఆసుపత్రిలో చేర్చారు. రక్తకణాలు పూటపూటకూ పడిపోతున్నాయి. వరండాలో వన్నూరమ్మా, తల్లి హంపమ్మా గోడకు చేరగిలబడి కూర్చున్నారు. మిట్టమధ్యాహ్నం ఫోను మోగింది. కొట్టం కాపలాదారు ఎర్రిస్వామి.

"మేడమ్, పోతుదూడ పడినాది. నొసట తెల్లమచ్చ ఉండాది. సూది ఎవురు ఏయాల?"

హంపమ్మ చెవిన ఆ మాట పడనే పడింది. ఆమె కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నొసట మచ్చా? పొద్దన్నే మొక్కుకుంటి మే ఊరమ్మకు, బిడ్డ లేచి కూకుంటే పోతును ఇడుస్తానని. పొద్దన మొక్కితే ఇప్పుడే పుట్టినాది. అమ్మే అంపించింది."

ఊరమ్మ ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ దేవత. కొన్నేళ్ళకొకసారి ఆమెకు జాతర చేస్తారు, దాన్నే దేవర అంటారు. మొక్కుకున్నవాళ్ళు మగదూడను అమ్మ పేరున వదిలేస్తారు. దేవరపోతును ఎవరూ కట్టెయ్యరు, కొట్టరు. ఏ చేను మేసినా చేనుగలవాడు దండం పెట్టుకుంటాడు. అది ఊరూరూ తిరిగి, తిరిగిన ఊరి బర్రెలన్నిటినీ దాటుతుంది. దేవర నాడు దాని తల అమ్మ ముందు పడుతుంది.

"అమ్మా, అది ల్యాబు దూడ. బయటికి పోకూడదు," అంది వన్నూరమ్మ.

"నీ ల్యాబు ఎక్కువా, బిడ్డ ఎక్కువా?"

అంతలో నర్సు బయటికి వచ్చింది. కణాలు ఇంకా పడిపోయాయని, ఈ రాత్రి గడిస్తే చూద్దామని చెప్పింది. వన్నూరమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అయినా బుర్ర మాత్రం అలవాటు కొద్దీ ఒక దారి వెతికింది. విత్తులు కొట్టి మగతనం తీసేసిన పోతు దేన్నీ దాటలేదు, దాని జన్యువు దానితోనే పోతుంది. శాస్త్రానికీ నష్టం లేదు, అమ్మ మొక్కూ తీరుతుంది.

"ఎర్రిస్వామీ, దూడను మా అమ్మకియ్యి. కానీ విత్తులు కొట్టించినాకే గేటు దాటించాల. ఇన్నావా?"

"సరే మేడమ్," అన్నాడు ఎర్రిస్వామి.

"సరే మే, నువ్వు చెప్పినట్లే," అంది హంపమ్మ.

ఆ రాత్రి గడిచింది. తెల్లవారి నేత్ర కళ్ళు తెరిచి ఇడ్లీ అడిగింది. వన్నూరమ్మ బాత్రూంలోకి పోయి, కుళాయి విప్పి, భోరున ఏడ్చింది.

తర్వాత నాలుగేళ్ళు ఆ పోతు గురించి తలచుకున్నదే లేదు. ఊరికి పోయినప్పుడు ఒకటి రెండుసార్లు చెరకుతోట గట్టున కనిపించింది. నల్లగా నిగనిగలాడుతూ, నొసట తెల్లమచ్చతో, దొరబిడ్డలాగా మేస్తోంది. కింద వంగి చూడాలని ఆమెకు తోచలేదు. అయినా దేవరపోతు కింద వంగి ఎవరు చూస్తారు?

నేత్ర ఏడో తరగతి సెలవులకు అమ్మమ్మ ఇంటికి పోతానని మారాం చేస్తే, ఆదివారం తీసుకుని వెళ్ళింది. గడప దాటగానే హంపమ్మ గిన్నెతో జున్ను తెచ్చి పెట్టింది. అది తింటుండగానే పక్కింటివాళ్ళు ఇంకో గిన్నె పంపారు. ఎదురింటి నుంచి మూడోది వచ్చింది. నేత్ర పడీపడీ నవ్వింది.

"అవ్వా, ఊరంతా ఈ రోజే ఈనినాయా?"

"ఈ రోజేంది, ఈ ఏడంతా జున్నే," అంది హంపమ్మ మురిసిపోతూ. "ఏ ఎనుము ఈనినా పెయ్యే. మన ఊర్లోనే కాదు, కల్లుదేవనపల్లిలో, హులికేరిలో, యాడ జూసినా పెయ్యలే. ఒక్క పోతుదూడ గూడా పడలే. అంతా మన దేవరపోతు మహిమ. నిన్న ఆడోళ్ళంతా కలిసి దానికి పసుపు రాసి దండేసిరి."

వన్నూరమ్మ చేతిలో చెంచా అక్కడే ఆగిపోయింది.

"అమ్మా, దానికి విత్తులు కొట్టించినావు కదా?"

హంపమ్మ వింతగా చూసింది. చిన్నపిల్ల ఏదో తెలియక అడిగినట్టు, మెల్లగా, బుజ్జగింపుగా చెప్పింది.

"కొట్టిన పోతును ఊరమ్మ ముట్టుకుంటాదా మే? చెవికొన తెగిన దాన్నే ఒప్పదు కదా. నువ్వు ఈ ఊర్లో పుట్టలేదా యేంది?"

"మరి సరే అన్నావు!"

"నువ్వు ఏడుస్తాంటివి. ఏడ్చే దానితో వాదు పెట్టుకుంటారా ఎవరన్నా? ఎర్రిస్వామికీ తెలుసు. నీకూ తెలుసనుకుంటిమి. ఏదో నీ ఉద్యోగం కోసం అంటాండావు అనుకుంటిమి."

ఆమెకు తెలుసు. నిజంగానే తెలుసు. చిన్నప్పుడు ఊరమ్మ గుడి ముందు పెద్దవాళ్ళు దూడ చెవులూ గిట్టలూ తోకా తడిమి చూడటం ఎన్నిసార్లు చూడలేదు! ఆ రోజు ఆసుపత్రి వరండాలో ఆ సంగతి మాత్రం గుర్తుకు రాలేదు. పుస్తకాల్లో ఉన్న దారులన్నీ మూసింది గానీ, తాను నడిచి వచ్చిన దారిని మరిచిపోయింది. ఆమె తనను తాను ఎన్నడూ క్షమించుకోలేకపోయింది ఆ ఒక్క మరుపునే.

నాలుగు ఊళ్ళ దూడల నుంచి రక్తం తెచ్చి పరీక్ష చేసింది. అన్నిటిలోనూ తన జన్యువే. తాను రాసిన అక్షరాల్ని పరాయి గోడల మీద చూసినట్టు అనిపించింది. సదాశివరావు ఫలితాలు చూసి కుర్చీలో కూలబడ్డాడు.

"వన్నూరమ్మా, ఇంకా చెయ్యి దాటిపోలేదు. పుట్టినవన్నీ పెయ్యలు. అవి ఎదకు రావడానికి ఇంకా రెండేళ్ళు పడుతుంది. ఈ లోపల మూలాన్ని తుంచేస్తే ఉన్నవాటిని ఒకటొకటిగా ఏరవచ్చు. ముందు ఆ పోతును తీసెయ్యి. మూడో కంటికి తెలియకూడదు. ఆ తర్వాత పైకి నేను రాస్తాను."

ఆమె సూదిమందు సంచిలో పెట్టుకుని ఊరికి పోయింది. తల్లికి చెప్పకుండా చేసే ధైర్యం లేక చెప్పింది. హంపమ్మ అరవలేదు, అరిస్తే బాగుండేది. కూతురి ముందు నేల మీద కూర్చుంది.

"దేవర ఇంకా ఏడాది ఉంది మే. ఆ నాటికి అమ్మే తీసుకుంటాది దాన్ని. అంతవరకు ఆగు. మొక్కిన జీవాన్ని మొక్కు తీరకముందు మనమే చంపితే అమ్మ యాడ వసూలు చేసుకుంటాదో నీకు తెలుసు. నీకు ఒక్కతే బిడ్డ."

"ఇవన్నీ నేను నమ్మను అమ్మా."

"నమ్మాకు. నేను నమ్మమంటాండానా? ఏడాది ఆగమంటాండా."

వన్నూరమ్మ ఆగలేదు, బయలుదేరింది. హులికేరి దారిలో వేరుశెనగ చేను మధ్య పోతు ఒంటరిగా నిలబడి ఉంది. ఎండ చురచురలాడుతోంది. మనిషిని చూసి అది బెదరలేదు. పుట్టినప్పటి నుంచి ఎవరూ దానిమీద చెయ్యి ఎత్తలేదు మరి. పైగా తల ముందుకు చాచి ఆమె చెయ్యి వాసన చూసింది. మెడ మీద ఆ పొద్దున ఆడవాళ్ళు రాసిన పసుపు ఇంకా ఆరలేదు. ఆమె మందు సిరంజిలోకి ఎక్కించింది. మెడ నరం వేలితో తడిమి పట్టుకుంది. అంతలో సంచిలో ఫోను మోగింది.

నేత్ర బడి నుంచి. పాపకు ఒళ్ళు కాలిపోతోందని, వచ్చి తీసుకుపొమ్మని టీచరు చెప్పింది.

అది ఉత్త జ్వరమే. రెండు పూటల మాత్రలకు దిగిపోయింది కూడా. బడిలో ఆ వారం సగం మంది పిల్లలకు అలాంటి జ్వరమే. లక్ష దూడల లెక్కలు కట్టిన మనిషికి, కాకతాళీయం అంటే ఏమిటో పిల్లలకు పాఠం చెప్పిన మనిషికి ఆ సంగతి తెలియదా? తెలుసు. కానీ ఆ చేనులో, వేలి కింద ఆ నరం కొట్టుకుంటుండగా, తెలిసిందంతా ఎటు పోయిందో పోయింది. సూది తీసి సంచిలో వేసుకుంది. పోతు మళ్ళీ తలదించి మేయసాగింది.

ఏడాదే కదా, అనుకుంది దారి పొడుగునా. ఏడాదిలో ఏం మునిగిపోతుంది?

మరునాడు సదాశివరావు తలుపు వేసి, "అయిపోయిందా?" అని అడిగాడు.

"అయిపోయింది సార్," అంది. భయస్తుడైన సదాశివరావు ఆ మాటే పట్టుకుని, తర్వాత ఏం విన్నా విననట్టే ఉండి, పైకి ఏమీ రాయలేదు.

అంతా మునిగిపోయింది. ఆ ఏడాదిలో పోతు మహిమ నోటా నోటా పాకింది. కర్ణాటక సరిహద్దు ఊళ్ళ నుంచి బర్రెల్ని బండ్లకెక్కించి దాని దగ్గరికి తోలుకొచ్చారు. పెయ్యలు కావాలంటే ముద్దలదిన్నె పోతు ఒక్కటే దిక్కన్నారు. దేవర నాడు డప్పులు మోగాయి, దాని తల ఊరమ్మ ముందు పడింది. హంపమ్మ మొక్కు తీరిందని కళ్ళొత్తుకుంది. వన్నూరమ్మ గుంపు వెనక నిలబడి, చుట్టూ చేరిన ఊళ్ళ పేర్లు వింటూ ఉండిపోయింది. అన్ని ఊళ్ళని అంతకుముందు ఆమె ఊహించలేదు.

తర్వాత కొన్నేళ్ళు ఆ సీమకు పండగే. ఇంటింటా పాలు. పాలకేంద్రాల ముందు బిందెల వరసలు. ఆడవాళ్ళు మెడలో పుస్తెలకు తోడు కాసింత బంగారం చేయించుకున్నారు. పెయ్యలు పెరిగి ఎదకొచ్చాయి. ఊళ్ళలో మిగిలిన మామూలు పోతులు వాటిని దాటితే మగదూడలు పుట్టాయి గానీ, అవీ ఈ జన్యువు మోసేవే. అవి పెరిగి దాటితే మళ్ళీ అన్నీ పెయ్యలే. ముసలి పోతులు చచ్చాయి. ఒక ఏడు ఎద కూతలు ఎక్కువయ్యాయి. రాత్రింబవళ్ళు బర్రెలు అరుస్తూనే ఉన్నాయి, దాటడానికి పోతు లేదు. చూలు నిలవలేదు. చూలు లేని బర్రెకు పాలెక్కడివి? సూదులు వేసే వాళ్ళు బయటి వీర్యం తెచ్చి కొన్నాళ్ళు నెట్టుకొచ్చారు, ముద్దలదిన్నెకు మాత్రం అది ఆలస్యంగా చేరింది.

వన్నూరమ్మ ఇక తట్టుకోలేక ఉన్నదంతా పైకి రాసేసింది. సదాశివరావు అప్పటికే రిటైరై పోయాడు. విచారణలు జరిగాయి, ఆమె ఉద్యోగం పోయింది. అది ఆమెకు పెద్ద బాధ అనిపించలేదు. అసలు దెబ్బ తర్వాత పడింది. ఈ జన్యువు దేశమంతా పాకకుండా ఆపాలంటే ఒక్కటే దారని ప్రభుత్వంలో పెద్దలు తేల్చారు. ఆ సీమలో బర్రె అనేది మిగలకూడదు. బయటి వీర్యం ఆపేశారు. బర్రెల్ని చంపడానికి తోలుకుపోయే లారీలు వచ్చాయి. ఊరి తర్వాత ఊరు ఖాళీ అయింది. డబ్బు ఇచ్చారు గానీ, డబ్బును పొద్దున్నే లేచి కడగలేరు, మేత వేయలేరు, దానితో మాట్లాడలేరు. కల్లుదేవనపల్లిలో ఒక ముసలావిడ ఖాళీ కొట్టంలోనే మంచం వేసుకుని పడుకుంటోందని చెప్పుకున్నారు.

ఊళ్ళో ఎవరూ వన్నూరమ్మను తిట్టలేదు. నేత్రను మాత్రం అదోలా చూసేవాళ్ళు. "ఆ పిల్ల కోసమే కదా పోతును ఇడిసినారు," అనుకునేవాళ్ళు గుసగుసగా. నేత్రకు అప్పటికి ఇరవై దాటాయి, పశువైద్యం చదువుతోంది. ఆ గుసగుస ఆమె చెవిన పడకుండా ఎన్నాళ్ళుంటుంది? ఒకరోజు తల్లి దగ్గరికి వచ్చి సూటిగా అడిగింది.

"నాకు జ్వరం రాకపోతే ఇదంతా జరిగేది కాదా అమ్మా?"

"నీ జ్వరం వల్ల కాదు," అంది వన్నూరమ్మ. నేత్ర లోపలికి పోయింది.

ముద్దలదిన్నె వంతు చివరికి వచ్చింది. ఊళ్ళో మిగిలినవి నాలుగైదు బర్రెలు. హంపమ్మది నిండు చూలాలు, వీర్యం ఆపేయక ముందు కట్టింది. లారీ వచ్చే ముందు రోజు వన్నూరమ్మ, నేత్ర అక్కడే ఉన్నారు. పొద్దున చద్దన్నం వేళ బర్రె నొప్పులు పడింది. నేత్రే చేతులు కడుక్కుని లాగింది. దూడ నేల మీద పడి, చెవులు విదిలించి, లేవబోయి పడింది.

హంపమ్మ అలవాటు కొద్దీ తోక ఎత్తి చూసింది. చూసి అలాగే వంగి నిలబడిపోయింది.

"పోతుదూడ," అంది.

ఆ మాట వీధిలోకి ఎలా పోయిందో పోయింది. ఘడియ తిరక్కుండా జనం కొట్టం ముందు చేరారు. ముసలీ ముతకా వచ్చారు. ఎర్రిస్వామి కర్ర పట్టుకుని వచ్చి గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. పిల్లలు తోసుకుని ముందుకు వచ్చారు. ఆ పిల్లల్లో ఒక్కరు కూడా మగదూడను ఎన్నడూ చూసి ఉండలేదు. ఎవరో పసుపు తెచ్చారు, ఎవరో చెంబుతో నీళ్ళు తెచ్చారు. ఒక ఆవిడ దూడ నొసట బొట్టు పెట్టి మెటికలు విరిచింది. ముద్దలదిన్నెలో పోతుదూడ పుడితే జనం సంబరపడటం అదే మొదటిసారి.

"అవ్వా, దీనికి పేరేం పెడదాం?" అని ఒక పిల్ల హంపమ్మ కొంగు లాగింది.

హంపమ్మ పలుపు వదులు చేసి, దూడను తల్లి పొదుగు దగ్గరికి తోసింది. అది తడుముకుంటూ తడుముకుంటూ చన్ను అందుకుంది. ఎవరూ దాన్ని లాగలేదు. అది పొట్ట ఉబ్బేదాకా తాగింది. జున్నుపాలు మూతి పక్కల నుంచి కారుతుంటే పిల్లలు కేరింతలు కొట్టారు.

వన్నూరమ్మ గడప మీద కూర్చుని చూస్తోంది. ఆ దూడలోనూ తన జన్యువే ఉందని ఆమెకు పరీక్ష లేకుండానే తెలుసు. తల్లిలో ఉన్నది బిడ్డలో ఉండి తీరుతుంది, అలాగే చేసింది కదా తాను. పొద్దు గుంకేలోపల ఏ దయగల చెయ్యో దీన్ని లారీ రాని ఊరికి తోలేస్తుంది. ఇంత ముద్దొచ్చేదాన్ని తోలెయ్యకుండా ఎవరుంటారు? తానైతే ఉండగలదా?

నేత్ర వచ్చి పక్కన నిలబడింది. మందు ఎక్కించిన సిరంజి తల్లి చేతిలో పెట్టింది. ఆ పిల్ల చెయ్యి చల్లగా, నిలకడగా ఉంది.

"నన్ను వెయ్యమంటావా అమ్మా?"

"వద్దు. ఇది నేను చెయ్యాల్సింది."

ఆమె లేచింది. పేరడిగిన పిల్ల సిరంజిని, దూడను మార్చి మార్చి చూసింది. వన్నూరమ్మ దూడ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. తడి మెడ మీద చెయ్యి వేసి, తన తల్లి ముఖంలోకి చూసింది. ఆ చూపులో ఏం అడిగిందో ఆమెకే తెలియదు.

హంపమ్మ కొంగుతో దూడ మూతి తుడిచి, దాని తల తన ఒళ్ళోకి తీసుకుంది.

"దీన్ని నేను ఎవురికీ మొక్కలేదు లే మే," అంది. "కానియ్యి."